పడటం ఒక విద్య

1948లో విడుదలైన 'అడ్వెంచర్స్ ఆఫ్ డాన్ జువాన్' చివర్లో ఒక కత్తియుద్ధం ఉంటుంది. రాజభవనంలో విశాలమైన మెట్లు. హీరో ఎరల్ ఫ్లిన్, విలన్ రాబర్ట్ డగ్లస్ ఆ మెట్ల మీద తలపడతారు. ఆఖరికి హీరో పైనుంచి గాలిలోకి లేచి, కింద ఉన్న విలన్ మీదకు అమాంతం దూకేస్తాడు. మన హాళ్లలో అయితే కాగితాలు ఎగరేసే ఘట్టం. ఆ దూకినవాడు మాత్రం ఫ్లిన్ కాదు. అప్పటికి ఫ్లిన్‌కి నలభై దగ్గర పడుతోంది, ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే. ఆయన దుస్తులు తొడుక్కుని దూకిన డూప్ పేరు జాక్ మహోనీ. డూప్‌ల పేర్లు తెరమీద వేసే ఆనవాయితీ అప్పట్లో లేదు. చప్పట్లన్నీ ఫ్లిన్ ఖాతాలోకే పోయాయి.

మహోనీ అసలు పేరు జాక్ ఓమహోనీ. 1919లో షికాగోలో పుట్టి, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో పెరిగాడు. యూనివర్సిటీ ఆఫ్ అయోవాలో చేరి ఈత, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ మూడింటిలోనూ పేరు తెచ్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే మెరైన్ దళంలో చేరి, విమానం నడపడం నేర్పే శిక్షకుడయ్యాడు. యుద్ధం ముగిశాక గుర్రాల పెంపకం మీద కొంతకాలం గడిపి, 1946 ప్రాంతంలో హాలీవుడ్‌లో స్టంట్‌మాన్‌గా అడుగుపెట్టాడు. ఈత వచ్చు, గుర్రం వచ్చు, విమానం వచ్చు. ఫుట్‌బాల్ వల్ల వచ్చింది మాత్రం వేరే రకం విద్య.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన, కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. బంతి ఉన్నవాణ్ణి ఎదుటి జట్టువాళ్లు నడుముకో తొడలకో భుజం ఆనించి, చేతులతో చుట్టేసి, నేలకు పడేస్తారు. దాన్నే ట్యాకిల్ అంటారు. మహోనీ కాలేజీ రోజుల్లో తలకు తోలు హెల్మెట్టే, ఇప్పటిలాంటి రక్షణ ఉండేది కాదు. ముఖానికి అడ్డుగా కమ్మీలు ఉండేవి కావు. ఒక్కో మధ్యాహ్నం ఆటలో ఆటగాడు ఎన్నోసార్లు పడతాడు, పడిన ప్రతిసారీ లేచి మళ్లీ వరసలో నిలబడతాడు. గడ్డం గుండెకు ఆనించుకోవాలి, అరచేతులు నేలకు ఆనించి బరువంతా మణికట్ల మీద మోపకూడదు, భుజం మీదుగా దొర్లాలి, దెబ్బను ఒకే చోట కాకుండా ఒళ్లంతా పంచుకోవాలి. ఇవి కోచ్ చెప్పకపోయినా ఒళ్లు నేర్చుకుంటుంది. స్టంట్ పనికి అక్షరాభ్యాసం ఇదే.

అయితే ఆ మైదానం నుంచి వచ్చినవాడు ఒక అలవాటు మానుకోవాలి కూడా. ఆటలో ఎదుటివాడు ప్రత్యర్థి, వాడి మీద బలమంతా చూపించాలి. సెట్ మీద ఎదుటివాడు భాగస్వామి. వాడి వీపు ఎక్కడ ఆనుతుందో, వాడి తల ఎటు తిరుగుతుందో చూసుకుంటూ, బలమంతా చూపిస్తున్నట్టు కనిపిస్తూ, అసలు బలాన్ని ఆపుకోవాలి. మన ఫైట్ మాస్టర్లు 'టైమింగ్' అనేది దీన్నే. కండబలం ఉన్న కుర్రాళ్లు ఎందరైనా దొరుకుతారు. ఆపుకోవడం తెలిసినవాడు అరుదు.

హాలీవుడ్‌కి ఈ సంగతి మహోనీ కంటే చాలా ముందే తెలుసు. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఫుట్‌బాల్ ఆడిన మారియన్ మారిసన్ అనే కుర్రాడు సముద్రపు అలల మీద ఆడుకుంటూ భుజం విరగ్గొట్టుకుని, స్కాలర్‌షిప్ పోగొట్టుకుని, ఫాక్స్ స్టూడియోలో సామాన్లు మోసే పనికి కుదిరాడు. 1926లో 'బ్రౌన్ ఆఫ్ హార్వర్డ్' అనే మూకీలో ఫుట్‌బాల్ దృశ్యాలకు నటుడికి డూప్‌గా కూడా నిలిచాడు. ఆ కుర్రాడే తర్వాత జాన్ వేన్. పరాక్రమానికి మారుపేరుగా అమెరికా చెప్పుకున్న ఆ మహానటుడు మొదట్లో ఇంకొకరి బదులు మట్టి కరిచినవాడే. తెరమీద గుద్దులాట నమ్మించేలా ఉండాలంటే పిడికిలి ముఖానికి తగలనక్కర్లేదని, కెమెరాను సరైన చోట పెడితే ముఖం పక్కనుంచి పోయినా చాలునని, యాకిమా కానట్ అనే స్టంట్‌మాన్‌తో కలిసి వేన్ 1930లలో ఒక పద్ధతి స్థిరపరిచాడు. ఇవాళ మన సినిమాల్లో పడే ప్రతి గుద్దుకూ దాంతో చుట్టరికం ఉంది.

మహోనీకి మొదట పని దొరికింది కొలంబియా స్టూడియోలో, 'డురాంగో కిడ్' వరస సినిమాల్లో. నల్లబట్టలు వేసుకుని, ముఖానికి రుమాలు కట్టుకుని, తెల్లగుర్రం మీద వచ్చే రౌతు కథలివి. హీరో చార్లెస్ స్టారెట్. ఇతనూ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడే కావడం విశేషం. 1926లో 'ది క్వార్టర్‌బ్యాక్' సినిమాకి డార్ట్‌మత్ కాలేజీ జట్టును ఎక్‌స్ట్రాలుగా తీసుకున్నప్పుడు వాళ్లతో వెళ్లి సినిమా రుచి మరిగినవాడు. అలా ఒకే పాత్రకు ముఖమూ ఒక ఫుట్‌బాల్ ఆటగాడే, ఒళ్లూ ఇంకో ఫుట్‌బాల్ ఆటగాడే. హీరో ముఖానికి రుమాలు ఉండటం డూప్‌కి వరం. కెమెరా దగ్గరికి వచ్చినా గుర్తుపట్టే వీల్లేదు. దాంతో మహోనీ చేయగలిగినదంతా దర్శకులు దగ్గర్నుంచే తీశారు. పరిగెత్తే గుర్రం మీంచి పక్క గుర్రం మీది మనిషిని పట్టుకుని నేలకు లాగే ఒక ఫీట్ ఉంది. వెస్టర్న్ సినిమాలకు అది ప్రాణం. చూడబోతే గుర్రం మీంచి చేసే ట్యాకిల్ అది.

పొడుగు కూడా అతనికి కలిసొచ్చింది. గ్రెగరీ పెక్, రాండాల్ఫ్ స్కాట్ లాంటి హీరోలు ఆరడుగులు దాటిన మనుషులు. వాళ్లకు డూప్‌గా నిలవాలంటే వాళ్లంత ఎత్తూ ఉండాలి, పిల్లిలా దూకనూ గలగాలి. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి పిల్లి నడక ఉండటం మామూలు విషయం కాదు. ఆ రోజుల్లో గాలి నింపిన పెద్ద పరుపులు లేవు. ఎత్తునుంచి పడాలంటే కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేసేవారు. పెట్టెలు నలుగుతూ దెబ్బను మింగేవి. పక్కకు రెండడుగులు జరిగి పడితే మింగడానికి అక్కడేమీ ఉండదు.

అదే కొలంబియాలో అతను 'త్రీ స్టూజెస్' ముగ్గురు హాస్యగాళ్ల పొట్టి సినిమాల్లో కూడా కనిపించాడు. 'అవుట్ వెస్ట్', 'పంచీ కౌపంచర్స్' వాటిలో కొన్ని. హీరోయిన్‌ని కాపాడటానికి ఠీవిగా వచ్చే వీరుడు గడప దాటబోయి బోర్లా పడతాడు, గుర్రం ఎక్కబోయి జారతాడు. సరిగ్గా పడటం తెలిసినవాడు తప్ప తప్పుగా పడి నవ్వించలేడు. నిజమైన సాహసాల కంటే ఈ పొట్టి సినిమాల్లోనే మహోనీ పనితనం బాగా తెలుస్తుందని చెప్పినా తప్పులేదు.

ముఖానికి గుర్తింపు టీవీ వల్ల వచ్చింది. పాటలు పాడే కౌబాయ్ నటుడు జీన్ ఆట్రీ సొంత కంపెనీ తీసిన 'ది రేంజ్ రైడర్' 1951 నుంచి 1953 దాకా సాగింది. తోడుగా డిక్ జోన్స్ అనే చిన్నోడు. డిస్నీ వారి 'పినోకియో'కి గొంతు ఇచ్చింది ఇతనే. ఇద్దరూ డూప్‌లు లేకుండా తమ ఫీట్లు తామే చేశారు. ఊరూరా రోడియో ప్రదర్శనలకు వెళ్లి జనం ముందు కూడా ఉత్తుత్తి కొట్లాటలు ఆడి చూపించారు. ఆ తర్వాత 1958లో 'యాన్సీ డెరింజర్' అనే సీరియల్‌లో పట్టుబట్టల జూదగాడిగా నటించాడు. స్టంట్‌మాన్‌కి టైటిల్ పాత్ర దొరకడం అప్పట్లో చిన్న సంగతి కాదు.

అతనికి అసలు కోరిక టార్జాన్ మీద. ఈత వీరుడు జానీ వైస్‌ముల్లర్ టార్జాన్ పాత్ర వదిలేసినప్పుడు మహోనీ కూడా పరీక్షకు నిలబడ్డాడు. పాత్ర లెక్స్ బార్కర్‌కి పోయింది. పన్నెండేళ్ల తర్వాత 1960లో 'టార్జాన్ ది మాగ్నిఫిసెంట్'లో టార్జాన్‌తో కొట్లాడే విలన్‌గా అవకాశం వచ్చింది. నిర్మాత సై వైన్‌ట్రాబ్ అప్పటికే కండలు తిరిగిన టార్జాన్లతో విసిగి, సన్నగా చురుగ్గా ఉండే మనిషి కోసం చూస్తున్నాడు. విలన్‌నే హీరోని చేశాడు. అప్పటికి మహోనీకి నలభై రెండేళ్లు. అంత వయసులో టార్జాన్ వేషం మొదలుపెట్టినవాడు అతనికి ముందు లేడు.

ఆ మొదటి సినిమా మన దేశంలోనే తీశారు. 1962లో వచ్చిన 'టార్జాన్ గోస్ టు ఇండియా'. ఆనకట్ట కడితే లోయ మునిగిపోతుంది, అందులోని మూడు వందల ఏనుగులు చచ్చిపోతాయి, వాటిని కాపాడటానికి ఒక మహారాజు టార్జాన్‌ని పిలిపిస్తాడు. ఆఫ్రికా వీరుడు ఆనకట్టల కాలపు భారతదేశానికి వచ్చాడన్నమాట. తర్వాత 'ఖుర్బానీ' తీసిన ఫిరోజ్ ఖాన్ ఇందులో యువరాజు. రాజకుమారి వేషం వేసిన అమ్మాయి సిమీ గరేవాల్. 'మేరా నామ్ జోకర్' టీచరమ్మగా మనకు తెలిసిన సిమీ తొలిసారి తెరకెక్కింది ఈ టార్జాన్ సినిమాతోనే. టార్జాన్ వచ్చే తీరు చూడాలి. తక్కువ ఎత్తులో ఎగిరే విమానం మీంచి సరస్సులోకి దూకుతాడు. దూకింది మహోనీయే. నిర్మాతకు హీరో, డూప్ ఒకే జీతంలో వచ్చారు.

ఆ తర్వాతి సంవత్సరం వచ్చిన 'టార్జాన్స్ త్రీ ఛాలెంజెస్' థాయ్‌లాండ్‌లో తీశారు. ఒళ్లు ఎదురుతిరిగింది అక్కడే. మహోనీకి రక్త విరేచనాలు పట్టుకున్నాయి, వాటి మీద డెంగీ వచ్చింది. మనిషి 20 కిలోల దాకా తగ్గిపోయాడు. సినిమా చూస్తే ఈ పతనం కళ్లముందు కనిపిస్తుంది. కథ వరసలో కాకుండా వీలును బట్టి తీస్తారు కాబట్టి, ఒక సీన్లో నిండుగా ఉన్న టార్జాన్ ఇంకో సీన్లో పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటాడు. అయినా పని ఆపలేదు. దాన్ని ధైర్యమని మెచ్చుకోవడం కంటే, జ్వరంతో ఉన్న మనిషి చేత పని చేయించే వ్యవస్థ గురించి అడగడం న్యాయం.

ఆ సినిమాలో పతాక ఘట్టం సలసల కాగే నూనె కొప్పెరల మీద కట్టిన తాళ్ల వలపై కత్తియుద్ధం. ఎదుటివాడు వూడీ స్ట్రోడ్. స్ట్రోడ్ కథ మహోనీ కథను మించింది. 1939లో యూసీఎల్‌ఏ జట్టులో కెన్నీ వాషింగ్టన్, జాకీ రాబిన్సన్‌లతో కలిసి ఫుట్‌బాల్ ఆడిన నల్లజాతి క్రీడాకారుడు. రాబిన్సన్ 1947లో బేస్‌బాల్‌లో జాతి అడ్డుగోడ పడగొట్టాడని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అంతకు ఏడాది ముందే, 1946లో, స్ట్రోడ్, వాషింగ్టన్ ఇద్దరూ లాస్ ఏంజెలస్ రామ్స్ జట్టులో చేరి, నల్లవాళ్లను పన్నెండేళ్లుగా దూరం పెట్టిన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ తలుపు తెరిచారు. స్ట్రోడ్ తర్వాత కుస్తీ పట్టాడు, సినిమాల్లోకి వచ్చాడు. 'స్పార్టకస్'లో త్రిశూలం, వల పట్టుకుని కిర్క్ డగ్లస్‌తో పోరాడే గ్లాడియేటర్ అతనే. అయోవా ఆటగాడు, కాలిఫోర్నియా ఆటగాడు థాయ్‌లాండ్‌లో తాళ్ల మీద తూలుతూ కత్తులు దూసుకోవడం ఏ కాలేజీ కోచ్ ఊహకూ అందని మ్యాచ్.

మహోనీ కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. వైన్‌ట్రాబ్, అతను మాట్లాడుకుని విడిపోయారు. కొత్త టార్జాన్‌గా వచ్చిన మైక్ హెన్రీ సాక్షాత్తూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు, పిట్స్‌బర్గ్ స్టీలర్స్, రామ్స్ జట్లకు ఆడినవాడు. అతనికీ అడవి అచ్చిరాలేదు. షూటింగులో చింపాంజీ దవడ కొరికింది. మూడు సినిమాలు చేసి, నిర్మాత మీద దావా వేసి బయటపడ్డాడు.

1973లో 'కుంగ్ ఫూ' సీరియల్ షూటింగులో ఉండగా మహోనీకి పక్షవాతం వచ్చింది. అప్పటికి యాభై నాలుగేళ్లు. కొంత కోలుకుని, 1981 నాటి 'టార్జాన్, ది ఏప్ మాన్'కి స్టంట్లు సమన్వయం చేశాడు.

ఈలోగా హాలీవుడ్ అతనికి ఒక నివాళి ఇచ్చింది. 1978లో వచ్చిన 'హూపర్' స్టంట్‌మాన్‌ల జీవితం మీద తీసిన సినిమా. దర్శకుడు హాల్ నీడమ్ స్వయంగా స్టంట్‌మాన్. హీరో బర్ట్ రెనాల్డ్స్ ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడి, మోకాలి దెబ్బతో, కారు ప్రమాదంతో ఆట పోగొట్టుకుని సినిమాలకు వచ్చినవాడు. అందులో ఒక ముసలి స్టంట్‌మాన్ పాత్ర ఉంది, పేరు జాకో. ఆ పేరు మహోనీని తలుచుకుని పెట్టిందే. జాకో కూతురిగా నటించింది శాలీ ఫీల్డ్. ఆమె తల్లి, నటి మార్గరెట్ ఫీల్డ్, 1952లో మహోనీని పెళ్లాడింది. అంటే నిజ జీవితంలో ఆమెకు సవతి తండ్రి మహోనీయే.

చూసినవాళ్లకు అది కుటుంబం నుంచి వచ్చిన గౌరవంలా అనిపించి ఉంటుంది. నలభై ఏళ్ల తర్వాత, 2018లో, శాలీ ఫీల్డ్ 'ఇన్ పీసెస్' అనే ఆత్మకథ రాసింది. చిన్నతనంలో, పద్నాలుగేళ్లు వచ్చేదాకా, మహోనీ తనను లైంగికంగా వేధించాడని అందులో చెప్పింది. అప్పటికి అతను చనిపోయి దాదాపు మూడు దశాబ్దాలు. రెండు ఆస్కార్లు గెలిచిన నటి ఈ మాట బయటపెట్టడానికి డెబ్బై ఏళ్లు దాటాల్సి వచ్చింది. మహోనీ గురించి రాసేవాళ్లు మెట్ల మీంచి దూకడం, విమానం మీంచి దూకడం చెప్పి దీన్ని దాటేయకూడదు. ఒళ్లు చేసిన సాహసానికీ మనిషి నడతకూ సంబంధం లేదు. తెరమీద ఆడపిల్లల్ని కాపాడిన చేతుల్ని నమ్మే అలవాటు ప్రేక్షకులకే కాదు, కుటుంబాలకూ ఉంటుంది.

1989 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో కారు ప్రమాదం జరిగిన రెండు రోజులకు మళ్లీ పక్షవాతం వచ్చి మహోనీ చనిపోయాడు. వయసు డెబ్బై.

మహోనీ అడుగుపెట్టిన నాటి నుంచి స్టంట్ పని చాలా మారింది. అట్టపెట్టెల చోట గాలిపరుపులు వచ్చాయి. ఒంటికి తీగలు కట్టి కంప్యూటర్లో చెరిపేస్తున్నారు. 1961లో హాలీవుడ్ స్టంట్‌మాన్‌లు సంఘం పెట్టుకున్నారు. గౌరవం మాత్రం నింపాదిగా వచ్చింది. యాకిమా కానట్‌కి 1967 వేడుకలో, హాల్ నీడమ్‌కి 2012లో గౌరవ ఆస్కార్లు ఇచ్చారు కానీ, స్టంట్లకంటూ ఆస్కార్ విభాగం చాలాకాలం లేదు. ఈ విషయంలో మన దేశం ముందుంది. జాతీయ సినిమా అవార్డుల్లో స్టంట్లకు తొలి బహుమతి 2016 మలయాళ చిత్రం 'పులిమురుగన్'కి పీటర్ హెయిన్ అందుకున్నాడు. 2023 సంవత్సరానికి అదే బహుమతి మన 'హనుమాన్' సినిమాకి నందు, పృథ్వి తెచ్చుకున్నారు.

ఆస్కార్ అకాడమీ 2025 ఏప్రిల్‌లో కొత్తగా స్టంట్ డిజైన్ విభాగం ప్రకటించినప్పుడు, ఆ ప్రకటనతో పాటు పెట్టిన చిత్రాల్లో 'ఆర్‌ఆర్‌ఆర్' కూడా ఉంది. 2027లో విడుదలయ్యే సినిమాలు ఆ విభాగంలో తొలిసారి పోటీ పడతాయి. బహుమతి 2028లో జరిగే నూరో వేడుకలో ఇస్తారు.